వైరు పీకినా పలికింది

"మేడం ఉన్నారా సార్?"

మా గేటు దగ్గర ఈ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు గేటు మూసెయ్యాలనిపించేది. అడిగేవాళ్ళు పరాయి కాలేజీ పిల్లలైతే సర్దుకుపోయేవాణ్ణి. కాదే, వాళ్ళు నా పిల్లలు. వట్లూరు దగ్గర నేను పాఠాలు చెప్పే ఇంజినీరింగ్ కాలేజీలో పొద్దున్న నా క్లాసులోనే ముందు బెంచీల్లో కూచునేవాళ్ళు. నేను బోర్డు మీద రాసిందంతా పొల్లు పోకుండా రాసుకునేవాళ్ళు. "అర్థమైందా?" అంటే "అయింది సార్" అని కోరస్‌గా అనేవాళ్ళు. సాయంత్రమయ్యేసరికి ఏలూరులో మా ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడ్డ నన్ను దాటి లోపలికి తొంగి చూసేవాళ్ళు.

"ఉన్నారు, రండి" అనేవాణ్ణి. అనక ఏం చేస్తాను? టీ కూడా నేనే పెట్టేవాణ్ణి. వంటింట్లో ఉంటే ముందుగదిలో ఆవిడ చెప్పేది బాగా వినపడుతుంది మరి.

మా ఆవిడ తాడేపల్లిగూడెం దగ్గర ఇంకో ఇంజినీరింగ్ కాలేజీలో లెక్చరరు. పొద్దున్నే పాసింజరెక్కి వెళ్ళేది, సాయంత్రం అదే దార్లో వచ్చేది. నేనూ జావా, ఆవిడా జావా. మా సంబంధం కుదిర్చిన పెద్దలు "ఇద్దరిదీ ఒకటే సబ్జెక్టు, ఇంట్లో మాటలకి కొదవుండదు" అని ముచ్చటపడ్డారు. కొదవ లేని మాట నిజమే. కాకపోతే మా ఇంట్లో ఆబ్జెక్టుల కన్నా అబ్జెక్షన్లు ఎక్కువగా ఉండేవి.

అప్పట్లో మా సిలబస్‌లో ఒక పేపరుండేది. పేరు పెద్దదే గాని విషయం చిన్నది. ఒక కంప్యూటర్లో ఒక వస్తువు ఉంటుంది. ప్రోగ్రాము రాసేవాళ్ళం దాన్ని ఆబ్జెక్టు అంటాం. ఇంకెక్కడో ఉన్న కంప్యూటర్లోంచి ఒక ప్రోగ్రాము ఆ వస్తువుని, పక్కగదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు పిలిచి పని చేయించుకోవాలి. పిలిచేది క్లయింటు. పలికేది సర్వరు. మధ్యలో పిలుపు మోసుకెళ్ళే సాఫ్ట్‌వేర్‌ని ఓఆర్‌బీ అంటారు. నా దగ్గర ఓఆర్‌బీ ఉండేది గాని ఓర్పు ఉండేది కాదు.

ఈ పిలుపూ పలుకూ ఎలా ఉండాలో కంపెనీలన్నీ కూచుని ఒక ప్రమాణం రాసుకున్నాయి. దాని పేరు కోర్బా. ప్రమాణం అందరూ కలిసే చేశారు. సాఫ్ట్‌వేర్ మాత్రం ఎవరి పెరట్లో వాళ్ళు తయారుచేసుకున్నారు. చేసినవాడల్లా "మాది ప్రమాణం ప్రకారమే" అనేవాడు. ప్రమాణం చెయ్యడం వేరు, నిలబెట్టుకోవడం వేరు అని పెళ్ళైనవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఈ ముక్కే నేను క్లాసులో మూడు పీరియడ్లు చెప్పాను. ఆ సాయంత్రం టీ కాస్తూ విన్నాను, ఆవిడ ఒక్క మాటలో తేల్చేసింది.

"మీ ఇంట్లో వినాయక చవితి ఎప్పుడు చేసుకున్నార్రా?"

"సోమవారం మేడం."

"మీ ఇంట్లో?"

"ఆదివారం మేడం. మా పంచాంగంలో అలా ఉంది."

"చూశారా! శాస్త్రం ఒకటే. పంచాంగాలు రెండు. రెండూ శాస్త్ర ప్రకారమే అంటాయి. రెండిళ్ళలోనూ ఉండ్రాళ్ళే. కానీ ఆదివారం ఇంటివాళ్ళు సోమవారం ఇంటికి భోజనానికి వెళ్తే ఏమవుతుంది?"

పిల్లలు ఘొల్లుమన్నారు. టీ పొంగింది. అది కూడా నేనే తుడుచుకున్నాను.

ఆ ఉదాహరణ నాకెందుకు తట్టలేదు? అదీ నా బాధ. ఎందుకంటే ఆ చవితి గొడవ మా సొంతం. పెళ్ళైన ఏడు మా అమ్మ చూసే పంచాంగంలో ఒక రోజూ, మా మావగారు చూసే పంచాంగంలో ఇంకో రోజూ పడి, రెండుచోట్లా కూచుని ఉండ్రాళ్ళు తిన్నది నేను. తిన్నది నేనూ, అరిగించుకున్నది ఆవిడా!

ఆవిడకీ నాకూ తేడా అక్కడే ఉంది. నేను ప్రమాణం మనిషిని. ప్రమాణ గ్రంథాన్ని ప్రింటు తీయించి, స్పైరల్ వేయించి, పూజా పుస్తకాల పక్కన పెట్టుకున్నాను. క్లాసులో ముందు సూత్రం, ఆపైన వివరణ, టైముంటే ప్రోగ్రాము. నేను వాడేది జావాతో పాటు ఉచితంగా వచ్చే ఓఆర్‌బీ. అది సాదాసీదాది, సూత్రం తప్పదు. వాళ్ళ కాలేజీలో ఒక కంపెనీవాళ్ళది కొన్నారు. అందులో ప్రమాణంలో లేని అడ్డదారి ఒకటుంది. వస్తువు పేరు చెబితే చాలు, నెట్‌వర్కంతా కేకేసి వెతికిపెట్టేది.

"అది ప్రమాణం కాదు. పిల్లలకి చెడ్డ అలవాటు" అనేవాణ్ణి.

"తెలుసండీ. కానీ ముందు ఒక్కసారి పలకాలి కదండీ? పలికితే వాళ్ళకి సరదా పుడుతుంది. ఆ సరదాలో ప్రమాణం చెప్పేస్తాను. మీరు ప్రమాణం చెప్పేసరికి గంట కొట్టేస్తున్నారు, పాపం."

ఆ 'పాపం' దగ్గర నేను లేచి నా స్పైరల్ పుస్తకం తెరిచేవాణ్ణి.

అలా ఉండగా ఒక కబురొచ్చింది. వేసవి సెలవుల్లో చుట్టుపక్కల కాలేజీల లెక్చరర్లకి ఈ పేపరు ఎలా చెప్పాలో తరగతులు పెడతారట. చెప్పేది మాత్రం ఒక్కరే. ఎవరన్నది తేల్చే పని ఒక రిటైరైన ప్రొఫెసరు గారికి అప్పజెప్పారు. మా అందరికీ ఆయనంటే గౌరవం.

అది నాకే రావాలని నేను పట్టుబట్టినంతగా జీవితంలో దేనికీ పట్టుబట్టలేదు. పేరు కోసం కాదు. గేటు కోసం! లెక్చరర్లకే లెక్చరరునైతే, ఇంక నా గుమ్మంలో నన్ను దాటి తొంగిచూసే పిల్లాడెవడు? "మేడం ఉన్నారా" అని అడగబోయి నాలిక్కరుచుకోడూ?

ప్రొఫెసరు గారు పిలిచిన మీటింగులో అందరి కన్నా ముందు నేనే లేచాను. "ఏ కంపెనీ ఓఆర్‌బీ అయినా ఇంకో కంపెనీదానితో మాట్లాడి తీరుతుందండీ. ప్రమాణం పాటిస్తే చాలు. పాఠం చెప్పేవాడికి కావలసింది ఆ నమ్మకం" అన్నాను.

ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నారు. "బాగుందండీ. మరి చూపించండి. మీది ఉచితంగా వచ్చేది. మేడం గారి కాలేజీలో కంపెనీది ఉందిగా. గూడెంలో వాళ్ళ ల్యాబులోనే ఒక రోజు రెండూ కలిపి మాట్లాడించండి. చూశాక ఎవరు చెప్పాలో అనుకుందాం."

పక్క వరసలో కూచున్న మా ఆవిడ "అలాగేనండీ" అంది. ఆవిడ నాతో పోటీకొచ్చిందని నేను ఇప్పటికీ అనను. కూచున్న చోట కూచునే ఉంది. పోటీయే ఆవిడ దగ్గరికి వెళ్ళింది.

వస్తువు ఏం చెయ్యాలో, ఏ పేరుతో పిలవాలో ముందు ఇద్దరూ ఒప్పందం రాసుకోవాలి. మా భోజనాల బల్ల మీద రాసుకున్నాం. వస్తువు పేరు 'కొల్లేరు' అన్నది ఆవిడ సలహా. అది చేసే పని ఒక్కటే. నీటి మట్టం ఎంతని అడిగితే చెప్పాలి. మా రెండు కుటుంబాల్లో ఫోనెత్తితే ముందు వచ్చే మాట అదే. గణపవరం దగ్గర మావాళ్ళు వరిచేలని చేపల చెరువులు చేసుకున్నారు. కొల్లేరు పెరిగితే గట్లకి భయం. పెంటపాడు దగ్గర మావగారు ఇప్పటికీ వరే. కొల్లేరు నిండితే ఆయన చేలో నీళ్ళు దిగవు. అల్లుడి క్షేమసమాచారం ఆ తరవాతే.

"రెండు మిషన్లలోనూ 'కొల్లేరు' అనే పెడదాం. పేరూ ఒకటే, తలుపు నంబరూ ఒకటే" అన్నాను. మిషన్లోకి పిలుపు వచ్చే దారికి ఒక నంబరుంటుంది, మేం దాన్ని తలుపు నంబరనేవాళ్ళం.

"రెండూ ఒకలాగే ఎందుకండీ? మీది ఏలూరు, నాది గూడెం అని పెడితే పోలే? ఏది పలికిందో తెలుస్తుంది."

"ప్రమాణం అంటే తేడా ఉండకూడదు."

"సరే లెండి."

మా ఆవిడ 'సరే లెండి' అంటే సరే అని కాదు, లెండి అని. లేచాను.

ఇంకో చిన్న గొడవ అయింది. నా వస్తువు అడగ్గానే మట్టం అంకె చెప్పి ఊరుకుంటుంది. ఆవిడ వస్తువు ముందు ఇంగ్లీషు అక్షరాల్లో 'నమస్కారమండీ' అని, ఆ తరవాత అంకె చెబుతుంది.

"యంత్రానికి మర్యాదలెందుకు?" అన్నాను.

"యంత్రానిక్కాదండీ. చదివేవాళ్ళకి."

ఇంట్లో మాకున్నది ఒకటే కంప్యూటరు. నా సర్వరూ నా క్లయింటూ అందులోనే పెట్టి పరీక్షించుకున్నాను. పిలిస్తే పలికింది. మళ్ళీ పిలిచాను, మళ్ళీ పలికింది. ఆవిడ వెనకాల నిలబడి కాసేపు చూసింది.

"ఏవండీ, ఒకసారి నేను చూడనా? అక్కడికెళ్ళాక మిషన్లు వేరు కదా..."

"నాకు తెలుసులే" అన్నాను, తెర మీద నించి కళ్ళు తిప్పకుండా. సంసారంలో 'నాకు తెలుసులే' అన్న మాటకి ముందూ వెనకా ఎప్పుడూ తెలియని సంగతే ఉంటుంది.

ఆ రోజు ఇంట్లో కంప్యూటర్ని విప్పి, దాని డబ్బాని దుప్పట్లో చుట్టి పాసింజరెక్కించాం. ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. దెందులూరు దాటాక ఎదురుగా కూచున్న పెద్దావిడ మూటని పరకాయించి, "చేపలా బాబూ?" అంది.

నేను "కాదండీ, ఇది సెంట్రల్ ప్రాసెసింగ్..." అని మొదలెట్టాను.

"కొల్లేరేనండీ. మొత్తం మూటకట్టి తీసుకెళ్తున్నాం" అంది మా ఆవిడ.

పెట్టె పెట్టంతా నవ్వింది. పెద్దావిడ మా ఆవిడకి జామకాయ ఇచ్చింది. మూట మోసింది నేను.

ల్యాబులో ప్రొఫెసరు గారూ, మా ఆవిడ కాలేజీ లెక్చరర్లూ కూచున్నారు. రెండు మిషన్లు పక్కపక్క బల్లల మీద పెట్టాం. మధ్యలో ఒక చిన్న పెట్టె. దానికి రెండు వైపుల్నించీ వైర్లు. ఆవిడ తన వంతు కోసం తన సర్వరుని వచ్చీ రాగానే నడిపించి ఉంచింది. మొదటి వంతు నాది. నా మిషన్లో నా సర్వరు మొదలెట్టాను. నా క్లయింటుని ఆవిడ మిషన్లోకి ఎక్కించి, ఆవిడ ఓఆర్‌బీ మీద నడిచేలా పెట్టాను. ఆవిడ మిషన్లోంచి నా క్లయింటు పిలవాలి, వైరు మీదుగా నా మిషన్లో ఉన్న నా వస్తువు పలకాలి. రెండు కంపెనీల మధ్య ప్రమాణం నిలబడాలి.

ఎంటర్ నొక్కాను.

ఒక్క క్షణం ఏమీ లేదు. తరవాత ఆవిడ తెర మీద వచ్చింది: నమస్కారమండీ. కొల్లేరు నీటి మట్టం. అంకె.

చప్పట్లు. ప్రొఫెసరు గారు ముందుకి వంగి చదివి, "శభాష్! ఏలూరు ఆబ్జెక్టుకి మర్యాద కూడా తెలుసండోయ్!" అన్నారు. మళ్ళీ చప్పట్లు. వెనక ఎవరో "సార్ భలే సరదా మనిషి" అన్నారు. నన్ను! సరదా మనిషి!

నేను నా మిషన్ తెర వైపు చూశాను. ఎవరైనా పిలిస్తే 'పిలుపు వచ్చింది' అని ఒక లైను అక్కడ పడాలి. పడలేదు. ఆ తెర మధ్యాహ్నపు కొల్లేరులా నిశ్చలంగా ఉంది, ఒక్క పిట్ట కూడా లేకుండా.

మా ఆవిడ వైపు చూశాను. ఆవిడకి అప్పటికే తెలిసిపోయింది. 'నమస్కారమండీ' ఎవరిదో ఆవిడకి తెలియదూ? ఏమీ ఎరగనట్టు చీర కొంగు సర్దుకుంటూ, కనుబొమ్మ కొంచెం ఎత్తి, 'ఊరుకోండి' అన్నట్టు తల అటూ ఇటూ ఆడించింది.

ఊరుకుంటే అయిపోయేది. వేసవి తరగతులు నావే. గేటు నాదే. ప్రొఫెసరు గారు అప్పటికే "ఇంక అనుకోవడానికేముందండీ" అని లేవబోతున్నారు.

నేను ఊరుకోలేకపోయాను. చదివేవాళ్ళు దీన్ని నిజాయితీ అనుకోకండి, నాకు అంత లేదు. అప్పుడు నాలో ఏం జరిగిందో నాకు బాగా గుర్తు. ఆ చప్పట్లు ఆవిడ వస్తువుకి పడుతున్నాయి. ఆవిడ మర్యాదకి నవ్వుతున్నారు. ఆవిడ సరదాకి నన్ను సరదా మనిషి అంటున్నారు. ఇన్నాళ్ళూ ఆవిడని ఆవిడ పేరుతో మెచ్చుకుంటే ఓర్చుకోలేకపోయాను. ఇప్పుడు నా పేరుతో కూడా ఆవిడనే మెచ్చుకుంటున్నారు! ఇంక నాకంటూ ఏం మిగిలింది? కుళ్ళుకి లోతు లేదు. కొల్లేరు కన్నా తక్కువే, కానీ మునిగిపోవడానికి అది చాలు.

"అది నాది కాదండీ. మా ఆవిడది" అన్నాను.

అందరూ మళ్ళీ నవ్వారు. సరదా మనిషిని కదా!

"జోకు కాదండీ" అని వంగి, నా మిషన్ వెనక నించి వైరు పీకి చేత్తో పైకెత్తి చూపించాను. ఇంకో చేత్తో ఆవిడ మిషన్లో ఎంటర్ నొక్కాను.

నమస్కారమండీ. కొల్లేరు నీటి మట్టం. అంకె.

అందరూ వైరు వైపూ తెర వైపూ మార్చి మార్చి చూశారు. ఆ తరవాత ప్రొఫెసరు గారు కళ్ళద్దాలు తీసి, "ఓరి! వైరు పీకినా పలుకుతోందే!" అన్నారు. ఈసారి నవ్వు వేరేలా ఉంది. నేను జావగారిపోయాను. జావా చెప్పేవాడికి అంతకన్నా తగిన గతి లేదు.

జరిగింది ఇదీ. ప్రతి కంప్యూటరుకీ 'ఇక్కడే' అనే ఒక చిరునామా ఉంటుంది. ఆ మాట ఏ మిషన్లో చదివితే ఆ మిషనే 'ఇక్కడ'. ఇంట్లో ఉన్నది ఒక్క మిషనే కనక నా క్లయింటులో వస్తువు ఎక్కడుందో రాయాల్సిన చోట 'ఇక్కడే' అని రాసుకున్నాను. అది ఆవిడ మిషన్లోకి వెళ్ళి, బుద్ధిగా 'ఇక్కడే' వెతికింది. అక్కడ అదే తలుపు నంబరు, అదే పేరు, 'కొల్లేరు' అని పిలిస్తే పలకడానికి సిద్ధంగా ఆవిడ వస్తువు! రెండూ ఒకలాగే ఉండాలని పట్టుబట్టిన మహానుభావుణ్ణి నేనే. పక్కింటి తలుపు తట్టబోయి సొంతింటి తలుపు తట్టిన పెళ్ళికొడుకులా... కాదు కాదు, దానికి కూడా ఆవిడైతే మంచి పోలిక చెప్పేది.

ఆవిడే లేచి నా క్లయింటు కోడు తెరిచింది. 'ఇక్కడే' కొట్టేసి నా మిషన్ చిరునామా రాసింది. మళ్ళీ కంపైల్ చేసింది. నా చేతిలో వేలాడుతున్న వైరు తీసుకుని తనే మిషన్‌కి తగిలించింది.

"ఇప్పుడు నొక్కండి సార్" అంది. కాలేజీలో నన్ను సార్ అనేది.

నొక్కాను. నా తెర మీద 'పిలుపు వచ్చింది' పడింది. ఆవిడ తెర మీద వట్టి అంకె పడింది. నమస్కారం లేదు, ఏమీ లేదు. నా వస్తువే, అచ్చం నాలాగే. రెండు కంపెనీల సాఫ్ట్‌వేర్లు ప్రమాణం ప్రకారం మాట్లాడుకున్నాయి. నేను మీటింగులో అన్న మాట అక్షరాలా నిజమైంది. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఉన్న చప్పట్లన్నీ అయిపోయాయి.

"తరగతులు మేడం గారే చెబితే బాగుంటుందండీ" అన్నారు ప్రొఫెసరు గారు, నా భుజం మీద చెయ్యేసి. "మీరు ల్యాబు చూసుకుందురు గాని. ప్రమాణం గురించి మీరన్నది కరెక్టేనండోయ్."

కరెక్టే. కరెక్టుగా ఉండటం కన్నా నిరుపయోగమైన సంగతి ఆ సాయంత్రం నాకింకోటి కనపడలేదు.

తిరుగు పాసింజర్లో మూట మా ఇద్దరి మధ్య పెట్టుకుని కూచున్నాం. ఉంగుటూరు దాటాం. కిటికీలోంచి చేపల చెరువులు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి.

"ఎందుకు చెప్పారండీ? నేను ఊరుకున్నాను కదా" అంది.

"నిజం కదా."

"నిజమే గాని, నిజం చెప్పేవాళ్ళ మొహం అలా ఉండదండీ."

"మరెలా ఉంది?"

"మీ కంచంలో పెట్టాల్సిన ముక్క పక్క కంచంలో పడితే ఎలా ఉంటుందో, అలా ఉంది."

ఆ పోలిక కూడా బాగుంది. పళ్ళు నూరుకున్నాను.

"నీకు కోపం రాలేదా? నీదాన్ని నాదనుకుని అందరూ చప్పట్లు కొడుతుంటే?"

"అలవాటేగా అండీ" అంది తేలిగ్గా. "పెళ్ళైన దగ్గర్నించీ ఎవరి తాలూకా అంటే మీ తాలూకా అనే చెబుతున్నాను. నా వస్తువు కూడా ఒక్క పూట చెప్పుకుంటే ఏం పోయింది?"

పూళ్ళలో బండి ఆగి, కదిలింది.

"మీకొక సంగతి చెప్పనా?" అంది కాసేపటికి. "మీ పిల్లలు నా దగ్గరికొచ్చేటప్పటికి వాళ్ళకి సగం తెలిసే ఉంటుందండీ. ఏది తెలియలేదో తెలుసుకుని వస్తారు. మా పిల్లలకి ఆ సగం నేను మొదట్నించీ చెప్పుకోవాలి. మీరు చెప్పిందే వాళ్ళ బుర్రలో ఉంటుంది. నేను నవ్విస్తాను, అంతే."

అది నిజమో, ఓదార్పో ఈ రోజుకీ నాకు తెలియదు. ఓదార్పైతే మాత్రం చాలా బాగా ఓదార్చింది. నేనెవర్నీ అలా ఓదార్చలేను. ఆ కుళ్ళొకటి మళ్ళీ మొదలైంది, భీమడోలు నించి ఏలూరు దాకా.

వేసవి తరగతులు మొదలయ్యాయి. ఎండకి గోడలు కూడా చెమట పట్టే రోజులు. వేరే వేరే కాలేజీల నించి వచ్చిన లెక్చరర్లు గది నిండా ఉన్నారు. మా గూడెం ప్రదర్శన చూసినవాళ్ళు అందులో ఎవరూ లేరు. ల్యాబు మనిషిని కనక నేను చివరి బెంచీలో కూచున్నాను. ముందు బెంచీ పిల్లల్ని చూసి చూసి, చివరి బెంచీ ఇంత సుఖంగా ఉంటుందని నాకు తెలియదు.

ఆవిడ ప్రమాణంతో మొదలుపెట్టలేదు. అడ్డదారితో కూడా మొదలుపెట్టలేదు.

"ఒకాయన ఉన్నారండీ" అని మొదలుపెట్టింది. "తన వస్తువు ఎక్కడుందో క్లయింటులో రాసుకోవాలి. 'ఇక్కడే' అని రాసుకున్నారు. ఆ క్లయింటుని పట్టుకుని పక్క ఊరు వెళ్ళారు. అక్కడ కూడా అది 'ఇక్కడే' అనుకుంది. లోకమంతా తిరిగినా అది తన వస్తువుని ఎదుటివాళ్ళింట్లోనే వెతుకుతుంది. పైగా దొరికిందనుకుంటుంది."

గదంతా నవ్వింది. వైరు పీకిన ఘట్టానికొచ్చేసరికి కొందరు బల్లలు చరిచారు. అడ్రసూ, పేరూ, ప్రమాణం, కంపెనీల తేడాలూ, అన్నీ ఆ కథలోంచే ఒక్కొక్కటీ పైకి తీసింది. నేను మూడు పీరియడ్లు చెప్పేదంతా అందులోనే ఉంది. ఒక్క ముక్క తప్పు లేదు. అందరూ రాసుకుంటున్నారు. నా తప్పే. నేను స్వయంగా, స్వహస్తాలతో చేసిన తప్పు. అది ఆవిడ నోట్లో ఎంత బాగుందో! నా నోట్లో నా ఒప్పులు కూడా ఎప్పుడూ అంత బాగాలేవు.

నా పక్కన కూచున్న లెక్చరరు గారు చెవి దగ్గరికొచ్చి, "మేడం గారు భలే చెబుతున్నారండీ" అన్నారు.

"అవునండీ."

"ఇంక ఈ పాఠం జన్మలో మర్చిపోనండీ. ఆ చేసినాయన ఎవరో గాని, మహానుభావుడు. చేస్తే అలాంటి పొరపాటే చెయ్యాలి!"

నాకు ఒక్కసారిగా ఆ 'ఎవరో' మీద భగ్గున కుళ్ళు పుట్టింది. ఎవడు వాడు? ఊరూ పేరూ లేకుండా వచ్చి ఆవిడ పాఠంలో మొదటి మాటగా కూచున్నాడు. ఆవిడ వాడి గురించి చెబుతుంటే కళ్ళు మెరుస్తున్నాయి. గదిలో ఉన్నవాళ్ళంతా వాణ్ణి ఇష్టపడుతున్నారు. వాడెవడో తెలుసని తట్టడానికి నాకు క్షణం పట్టింది. తట్టాక కూడా తగ్గలేదు. గూడెంలో వచ్చిన మెప్పుని నాది కాదని వదిలేసుకున్నాను. దీన్ని మాత్రం వదులుకోదలచుకోలేదు.

చివరి బెంచీలోంచి చెయ్యెత్తి లేచి నిలబడ్డాను.

"మేడం! ఆ తప్పు నాదండీ."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. పక్కనున్న లెక్చరరు గారు నన్ను కింద నించి పైదాకా చూశారు.

ఆవిడ బోర్డు మీద రాస్తున్నది ఆపలేదు. ఇటు తిరగనూ లేదు.

"తెలుసండీ, కూచోండి" అంది.

కూచున్నాను.